అక్క పలికిన స్తోత్రం

మా అక్క నా ఇంట్లో, నా ఎదురుగా నిలబడి, నేను చెప్పిన అబద్ధానికి స్తోత్రం అన్నది. తెలిసి అన్నదో, అందరూ అన్నారని తనూ అన్నదో చాలా రోజుల వరకు నాకు తెలియలేదు. తెలిశాక తికమక ఇంకా ఎక్కువైంది.

నేను చిత్తూరులో మోటార్లు చుట్టే పని చేస్తాను. బోరుబావుల్లో కాలిపోయిన మోటార్లను రైతులు ఆటోల్లో వేసుకుని నా షెడ్డుకు తెస్తారు. కాలిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇస్తాను. చుట్టులో ఒక్క వరస తప్పినా మోటారు మళ్ళీ కాలిపోతుంది. చేతులు వణికేవాడు చేయగల పని కాదు. నలభై ఏళ్ళు వచ్చేసరికి నా చేతులు పొద్దున్నే ఒక క్వార్టర్ పడితే గానీ నిలబడేవి కావు. మధ్యాహ్నానికి ఇంకొకటి కావాలి. ఆ తరువాత ఎన్ని కావాలో నేను లెక్క పెట్టుకోలేదు.

పదకొండేళ్ళ కిందట కామెర్లు ముదిరి పొట్ట ఉబ్బితే తిరుపతిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. బతకడం కష్టమని డాక్టరు నా భార్యతో అన్నాడు. నేను నిద్రపోతున్నాననుకుని నా మంచం పక్కనే అన్నాడు. అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. కళ్ళు మూస్తే మళ్ళీ తెరవనేమోనని, సీలింగు మీది తడి మరకను చూస్తూ పడుకునేవాణ్ణి.

నా పక్క మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. ఆయనకు తోడుగా ఆయన భార్య ఉండేది. ఆ అవ్వ ప్రతిరోజూ తెల్లారగానే కింద చాప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళకు వినపడేంత గొంతుతో దేవునితో మాట్లాడేది.

"ఫ్యాను తిరగతా ఉండాది, వందనాలయ్యా. కొళాయిలో నీళ్ళొచ్చినాయి, వందనాలయ్యా. ముసిలాయన రెండు గరిటెల గంజి తాగినాడు, వందనాలయ్యా."

నాకు మొదట చిరాకు వేసింది. ఆయన శరీరంలో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. ఈమె ఫ్యాను తిరుగుతోందని సంతోషిస్తోంది. ఒకరోజు ఆమె నా వైపు తిరిగి, "నీ కోసం కూడా అడిగేదా నాయనా?" అన్నది. మాట్లాడే ఓపిక లేక తల ఊపాను. ఆమె నా పాదం మీద చెయ్యి పెట్టి యేసయ్యా అని మొదలుపెట్టింది. ఏమి అడిగిందో నాకు గుర్తులేదు. ఆ చెయ్యి బరువు మాత్రం గుర్తుంది. ఆ మధ్యాహ్నం, ఎన్నో రోజుల తరువాత, నేను భయం లేకుండా నిద్రపోయాను. వెలుగు రాలేదు, స్వరమూ వినపడలేదు. నిద్ర వచ్చింది, అంతే. లేచాక చేతులు వణుకుతూనే ఉన్నాయి గానీ లోపల ఏదో కుదుటపడింది. ఆరోజు నుంచి నేను కూడా మనసులో అవ్వ మాదిరి వందనాలు చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఫ్యానుకు, నీళ్ళకు, పొట్ట ఒక అంగుళం తగ్గినందుకు.

కొద్దిరోజులకు ముసలాయన పోయాడు. అవ్వ ఏడ్చింది. ఏడుస్తూనే, ఇంతకాలం ఆయనను తనకు ఇచ్చినందుకు వందనాలు చెప్పింది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు కూడా పూర్తిగా అర్థమైందని చెప్పలేను. కానీ ఆ మాట వెంటే నడుస్తూ వెళ్ళి చిత్తూరులో ఒక చిన్న సంఘంలో చేరాను. మా హాలు ఒక మేడ మీద ఉంది. కింద ఇనుప సామాను దుకాణం.

మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. ఎవరి జీవితంలో దేవుడు ఏమి చేశాడో వాళ్ళే లేచి చెప్పాలి. చెప్పే పద్ధతి ఎవరూ నేర్పరు, వింటూ వింటూ వచ్చేస్తుంది. నేను ఇంత పాపిని అనాలి. తరువాత, నన్ను అందరూ వదిలేశారు అనాలి. తరువాత, ప్రభువు ఒక్కడే వదల్లేదు అనాలి. వినేవాళ్ళు ఎక్కడ స్తోత్రం అనాలో వాళ్ళకు తెలుసు. అన్నిటికంటే గట్టిగా వచ్చేది ఆ రెండో మాట దాటి మూడో మాటలోకి వచ్చినప్పుడు.

మొదటిసారి లేచినప్పుడు నేను, "నా వాళ్ళకు భారమైపోయాను" అన్నాను. అది నిజం. మరుసటి ఏడాది "నా వాళ్ళు విసిగిపోయారు" అన్నాను. అదీ కొంత నిజమే. స్తోత్రాలు పెరిగాయి. పక్క ఊళ్ళ కూడికలకు కూడా నన్ను పిలవడం మొదలుపెట్టారు. నాలుగైదేళ్ళు గడిచేసరికి ఆ మాట ఇట్లా తయారైంది: "తోడబుట్టినవాళ్ళే నన్ను వదిలేసినారు. ఆసుపత్రిలో మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు."

నాకు తోడబుట్టింది ఒక్క అక్క. పాకాల దగ్గర పల్లెలో ఆమె కాపురం. నేను ఆసుపత్రిలో ఉన్న ఇరవై మూడు రోజులూ ఆమె పొద్దున రైలెక్కి, క్యారియరులో రాగిజావ, ఉప్పులేని మజ్జిగన్నం పెట్టుకుని తిరుపతికి వచ్చి, సాయంత్రం రైలుకు వెళ్ళేది. నా భార్య ఆ ఇరవై మూడు రోజులూ వార్డులో నేల మీద పడుకుంది. అక్క ఒక్కరోజు మాత్రం రాలేదు. ఆ మరునాడు తలకు కొంగు గట్టిగా చుట్టుకుని వచ్చింది. కొంగు జారినప్పుడు చూశాను, నున్నటి గుండు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కి, తలనీలాలిచ్చి వచ్చింది.

"నిన్నెవురు ఇమ్మనిరి?" అని కసిరాను.

"నిన్నడిగి ఇయ్యల్లేదులే. ముందు జావ తాగు" అన్నది.

ఇంకొకటి కూడా ఉంది. అది నేను ఏ సాక్ష్యంలోనూ చెప్పలేదు. ఆసుపత్రికి మూడు నెలల ముందు బావ వాళ్ళ బోరు మోటారు కాలిపోతే నా దగ్గరికి తెచ్చాడు. దాంట్లోని రాగితీగ పీకి అమ్ముకుని తాగేశాను. అడిగినప్పుడల్లా, కొత్త తీగ రాలేదు, మద్రాసు నుంచి రావాలి, రేపు, ఎల్లుండి అని తిప్పాను. మూడు వారాలు. కాపు మీదున్న వాళ్ళ అర ఎకరా టమాటా తోట నిలువునా ఎండిపోయింది. పాపిని అని మైకులో చెప్పడం చాలా సులభం. ఆ మాటకు అందరూ స్తోత్రం అంటారు. అక్క మోటారులోని రాగి అమ్ముకుని తాగాను అని చెప్పడానికి మాత్రం నాకు పదేళ్ళూ నోరు రాలేదు.

పోయిన ఏడాది మా షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. కృతజ్ఞత కూడిక పెట్టుకుని సంఘాన్నంతా భోజనానికి పిలిచాను. అక్క ముందురోజే వచ్చింది, సంచినిండా కరివేపాకు, వంకాయలు మోసుకుని. నుదుట బొట్టుతోనే మా వాళ్ళందరితో కలిసిపోయింది. ఉల్లిపాయలు తరుగుతూ, మా సంఘంలోని ఆడవాళ్ళను అడిగి తెలుసుకుంది.

"మీ ప్రార్థనలో నేనేమనల్లమ్మా? ఊరికే నిలబడుకుంటే బాగుండదు గదా."

"అందరూ స్తోత్రం అన్నప్పుడు నువ్వూ అను పెద్దమ్మా. అంతే."

"ఓ, అంతేనా? మా గోవిందా మాదిరి" అని నవ్వింది.

పాటలయ్యాక నా చేతికి మైకు ఇచ్చారు. అలవాటైన దారిలో నోరు దానంతటదే వెళ్ళిపోయింది. "తోడబుట్టినవాళ్ళే నన్ను వదిలేసినారు" అన్నాను. అన్నాక చూశాను. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది, చేతిలో నీళ్ళ గ్లాసుల పళ్ళెంతో. అందరూ "స్తోత్రం!" అన్నారు. అక్క నా ముఖంలోకి చూస్తూ తనూ అన్నది. "స్తోత్రం."

తరువాత ఏమి మాట్లాడానో తెలియదు. భోజనాలప్పుడు అక్క అందరికీ వడ్డించింది. నాకు కూడా వడ్డించింది. మూడున్నర బస్సుకు వెళ్ళిపోయింది. "పోయొస్తా అబ్బోడా" అన్నది, ఎప్పటిలాగానే. నేను "అక్కా" అన్నాను. ఆమె ఆగింది. నేను ఆమె సంచి అందించాను. ఆమె వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఆమె ఫోను చేయలేదు. మామూలుగా వారానికి రెండుసార్లు చేసేది, పాలావు ఈనిందనో, కరెంటు లేదనో ఏదో ఒకటి చెప్పడానికి. ఒక నెల గడిచింది. నేను చేస్తే బావ తీసి, "పనిలో ఉండాది అప్పా, చెప్తాలే" అనేవాడు. రెండో నెల గడిచింది. ప్రార్థనకు మోకరిస్తే మాటలు వచ్చేవి కావు. అవ్వ నేర్పిన వందనాలు మొదలుపెడితే, మొట్టమొదట నాలిక మీదికి రావాల్సినది ఆ రాగిజావే అని తెలిసి ఆగిపోయేవాణ్ణి. నాలో ఉందనుకున్న శాంతి అసలు ఎవరిది, ఎవరి నోటి దగ్గర లాక్కుని తెచ్చుకున్నాను అనిపించేది.

నా భార్యతో చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే విన్నది.

"నీకిప్పుడు తెలిసిందా? నేను ఐదారేండ్లుగా ఇంటానే ఉండా" అన్నది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? మంచినీళ్ళిచ్చే దిక్కు లేదంటివే. ఆ పొద్దు నీ మంచం కింద పండుకున్నింది ఎవురయ్యా, దయ్యమా?"

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. చేట దులిపి లోపలికి వెళ్ళింది. ప్రతి ఆదివారం నా పక్కన ఆడవాళ్ళ వరసలో కూర్చుని, నేను తనను లేకుండా చేస్తుంటే వింటూ ఉండిన మనిషి ఆమె. అది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ వారంలోనే చిత్తూరు నుంచి బస్సెక్కి పాకాలలో దిగి, ఆటోలో అక్క ఊరికి వెళ్ళాను. చింతపండు కాలం. అక్క వసారాలో కూర్చుని చిన్న కొయ్యసుత్తితో చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. నన్ను చూసి, "రా" అన్నది. ఇంకో సుత్తి నా వైపు తోసింది. నేను కూర్చుని కొట్టడం మొదలుపెట్టాను.

"అక్కా, ఆ పొద్దు కూడికలో నేను అబద్ధం చెప్పినా."

"ఏమబద్ధం?"

"నీకు తెలుసు గదా."

"నాకేం తెలుసు? నువ్వే చెప్పు."

చెప్పాను. తోడబుట్టినవాళ్ళు వదిలేశారని ఐదారేళ్ళుగా ఊరూరా చెప్తున్నానని, జనం గట్టిగా స్తోత్రం అంటారని అది నాకు ఇష్టమైపోయిందని చెప్పాను. రాగితీగ సంగతి కూడా చెప్పాను. మద్రాసు నుంచి రావాల్సిన తీగ ఏదీ లేదని, అమ్ముకుని తాగానని.

"అది మీ బావకు ఆ వారంలోనే తెలుసు" అన్నది ఆమె, ఇంకో కాయ కొడుతూ. "పాత సామాన్లోడే వచ్చి చెప్పినాడు."

"తెలిసి కూడా..."

"తెలిసి కూడా ఏంది? తెలిసే తెచ్చినా జావ. పనికిమాలినోడు చచ్చిపోతే తిట్టేదానికి ఎవురుంటారు?"

నేను నవ్వబోయి ఆగాను. ఆమె సుత్తి కింద పెట్టింది.

"నువ్వు చెప్పింది అబద్ధం గాదు అబ్బోడా."

నాకు అర్థం కాలేదు.

"ఆ పొద్దు నేను కొండకు పోయింది నిన్ను బతికించమని మొక్కేదానికి గాదు. ఈడ తోట ఎండిపోయింది, మీ బావ మాట్లాడ్డం మానేసినాడు. ఆడ నువ్వు, పసుపు ముద్ద మాదిరి. అలిపిరి కాడ మొదలుపెట్టి మెట్టుమెట్టుకీ ఒకే మాట. సామీ, వీణ్ణి నేను మోయలేను. బతికిస్తావో తీసకపోతావో నీ ఇష్టం, నేను ఇడిసేస్తా ఉండా, అని. జుట్టిచ్చి దిగొచ్చినా. ఎవురికీ చెప్పల్లేదు. మీ బావక్కూడా. నువ్వు మైకులో ఆ మాట అంటానే నాకు గుండె జల్లుమనింది. వీడికెట్ట తెలిసింది? వీడి దేవుడు చెప్పేసినాడా? అనుకున్నా. ఒప్పుకున్నట్టుంటాదని స్తోత్రం అన్న్యా."

చింతకాయ నా వేళ్ళలో నలిగిపోయింది. రెండు నెలలుగా నేను సిగ్గుతో ఇక్కడికి రాలేదు. రెండు నెలలుగా ఆమె సిగ్గుతో ఫోను ఎత్తలేదు.

"ఇడిసేస్తే మరి తెల్లారి జావెందుకు తెచ్చినావు?" అన్నాను.

"రాగిపిండి కలిపి పెట్టుంటి. పారబోసేదా?"

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని రోజులు లెక్క వేశాను. క్యారియరు రాని ఆ ఒక్క రోజునే, ఆకలితో చిరాకుగా ఉన్నప్పుడే, అవ్వ నన్ను అడిగింది, నీ కోసం కూడా అడిగేదా అని. అక్క మెట్ల మీద నన్ను వదిలేస్తున్న రోజునే నేను భయం లేకుండా నిద్రపోయాను. దీన్ని ఏమనుకోవాలో నాకు తెలియలేదు. నేను నమ్మిన దేవుడు ఒక్కడే, ఆ నమ్మకంలో మార్పు లేదు. కానీ ఆ ఒక్కడు, ఆ పొద్దు మా అక్క వేరే పేరుతో పిలిచింది గనుక, ఆమె మోయలేని బరువును చూడకుండా ముఖం తిప్పుకున్నాడని నేను నమ్మలేకపోయాను. నమ్మలేకపోవడం తప్పేమో కూడా తెలియలేదు.

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, ఆదివారం నా సాక్ష్యం సరిదిద్దుకోవాలి అన్నాను. మంచి మనిషి ఆయన. నేను చెప్పినదంతా ఓపికగా విన్నాడు.

"అన్నం తెచ్చిపెట్టిన సంగతి తప్పకుండా చెప్పు బ్రదర్. కొండ సంగతి మాత్రం వద్దు. కొత్తగా వచ్చినవాళ్ళు తికమక పడతారు."

"పాతవాణ్ణి, నేనే తికమకలో ఉండానయ్యా. ఆ ఒక్కటీ తీసేస్తే, మళ్ళీ నాకు కావాల్సింది ఉంచుకుని మిగతాది పారేసినట్టే గదా?"

ఆయన, "ప్రార్థన చేసుకుని లెయ్యి. తరువాత నీ నోరు, నీ మనస్సాక్షి" అన్నాడు.

ఆదివారం లేచాను. మైకు వద్దన్నాను. నన్ను ఎవరూ వదిలేయలేదని చెప్పాను. నా భార్య ఇరవై మూడు రోజులు నేల మీద పడుకుందని, మా అక్క రైలులో జావ తెచ్చిందని చెప్పాను. ఆమె మోటారులోని రాగి అమ్ముకుని తాగానని, వాళ్ళ తోట నా వల్ల ఎండిందని చెప్పాను. "మా అక్క నా కోసం కొండకు నడిచిపోయి తలనీలాలిచ్చింది. నేను ఇప్పుడు ఆ మొక్కులు మొక్కను. ప్రభువునే నమ్ముకున్నాను. కానీ ఆ గుండు నేను కళ్ళతో చూసినాను. దాన్ని చూడనట్టు ఇన్నేళ్ళు మీ ముందర మాట్లాడినాను. నన్ను క్షమించండి" అన్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. ఎక్కడ అనాలో వాళ్ళకు తెలియలేదు. కింద దుకాణంలో ఎవరో ఇనుప కమ్మీలు దించుతున్న చప్పుడు వినపడింది. పాస్టరు గారు గొంతు సవరించుకుని తరువాతి పాట చెప్పాడు. కూర్చునేటప్పుడు ఆడవాళ్ళ వరసలోకి చూశాను. నా భార్య కొంగుతో ముఖం తుడుచుకుంటోంది, చెమటో మరేదో.

ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు నాతో చెయ్యి కలపకుండానే మెట్లు దిగారు. ఇప్పటికీ ఒకాయన నాతో సరిగా మాట్లాడడు. వేరే ఊళ్ళ కూడికలకు నన్ను పిలవడం తగ్గింది. ఒక ముసలాయన మాత్రం నా భుజం పట్టుకుని ఆపాడు.

"నాయనా, మీ అక్క జుట్టు మళ్ళీ పెరిగిందా?"

"పెరిగింది తాతా. నెరిసింది."

"మంచిదే" అని కర్ర పట్టుకుని దిగిపోయాడు.

ఇంటికొచ్చి అక్కకు ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"చెప్పినావా?"

"చెప్పినా. జావ, రాగి, గుండు, అన్నీ."

"నా మాట కూడా చెప్పినావా? ఇడిసేసిన మాట?"

"అది నీది గదక్కా. నేనెట్ట చెప్తా?"

అటువైపు ముక్కు చీదిన శబ్దం.

"చింతపండు ముద్దచేసి ఎత్తిపెట్టినా. వచ్చే ఆదివారం ప్రార్థనయినాక వచ్చి ఎత్తుకోని పో. నీ పెండ్లాన్ని కూడా పిల్చకరా" అన్నది.

ఇది రాసే ముందు ఆమెను అడిగాను, నీ మాట కూడా రాసేదా అని. "రాసుకో, ఇంగేం బయం? పేరు మాత్రం ఎయ్యొద్దు" అన్నది. అందుకే ఇందులో ఎవరి పేర్లూ లేవు.

ఇప్పుడు తెల్లారి మోకరించినప్పుడు అవ్వ మాదిరిగా వరసగా చెప్పుకుంటాను. చేతులు వణకడం లేదు, వందనాలయ్యా. భార్య పక్కన ఉంది, వందనాలయ్యా. అక్క జావ తెచ్చింది, వందనాలయ్యా. ఆ తరువాత మెట్ల దగ్గరికి వస్తాను. అక్కడ ఏమని చెప్పాలో ఇప్పటికీ మాట దొరకదు. నా అక్క మెట్టుమెట్టుకూ నన్ను వదిలేస్తూ ఎక్కడం కళ్ళముందు కనపడుతుంది. కాసేపు అట్లానే ఉండిపోతాను. మాట దొరకనందుకు ఇప్పుడు భయం వేయడం లేదు. లేచి షెడ్డు తలుపు తీస్తాను.